మాలినీ ఫోన్సేకాని "సింహళ సావిత్రి" అనొచ్చా? ఏ సినిమాతో మొదలుపెట్టాలి?

అడిగిన ప్రశ్న ఇది: 2025 మే నెలలో శ్రీలంక నటి మాలినీ ఫోన్సేకా చనిపోతే అక్కడి ప్రభుత్వం అధికార లాంఛనాలతో అంత్యక్రియలు జరిపింది. మనవాళ్లు కొందరు ఆమెను "సింహళ సావిత్రి" అని రాశారు. ఆవిడ నిజంగా అంత గొప్ప నటా, లేక చిన్న పరిశ్రమలో పోటీ లేక వచ్చిన పేరా? తెలుగువాళ్లు ఆమె సినిమాలు చూడాలనుకుంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

ఫిల్మ్ సొసైటీల్లో సింహళ సినిమాలు తెప్పించి వేసే పని చాలా ఏళ్లు చేశాను కాబట్టి కాస్త వివరంగానే రాస్తాను. ముందు సూటిగా జవాబు చెబుతాను. గొప్ప నటే, అందులో అనుమానం అక్కర్లేదు. సావిత్రితో పోలిక మాత్రం సగమే కుదురుతుంది. సావిత్రి గారు జనం చూసే సినిమాలోనే ఉండి దాని స్థాయిని పెంచారు. మాలిని పరిస్థితి అది కాదు. ఒకే దశాబ్దంలో, ఒక్కోసారి ఒకే ఏడాదిలో, ఒక పక్క పాటలూ ఫైట్లూ ఉన్న మసాలా సినిమాలు, ఇంకో పక్క విదేశీ ఉత్సవాలకు వెళ్లే సినిమాలు చేసింది. రెండు చోట్లా ఆమే హీరోయిన్. మన దగ్గర ఆ రెంటికీ మధ్య గోడ ఉంటుంది. స్మితా పాటిల్, షబానా ఆజ్మీ లాంటివాళ్లు గోడకు అటు నుంచి ఇటు వచ్చారు. మాలిని విషయంలో అసలు ఆ గోడే కనపడదు. నా దృష్టిలో ఆమె ప్రత్యేకత 140కి పైగా చేసిన సినిమాల లెక్కలో కాదు, ఇక్కడే ఉంది.

అది ఎలా సాధ్యమైందో తెలియాలంటే సింహళ సినిమా పుట్టుక గురించి కొంచెం చెప్పాలి.

మొదటి సింహళ టాకీ "కడవును పొరొందువ" 1947 జనవరి 21న విడుదలైంది. సింహళ సినిమా అన్నమాటే గానీ తీసింది మన మదురైలో, చిత్రకళా మూవీటోన్ స్టూడియోలో. నిర్మాత ఎస్.ఎం. నాయగం తమిళుడు, దర్శకుడు జ్యోతిష్ సిన్హా బెంగాలీ. హీరోయిన్ రుక్మిణీ దేవి, ఆమె కూడా పుట్టుకతో తమిళ క్రైస్తవురాలే. తర్వాత దాదాపు పదేళ్లు ఇదే పద్ధతి. కథ హిందీ నుంచో తమిళం నుంచో వస్తుంది, ట్యూన్లు అక్కడివే, షూటింగ్ మద్రాసు, సేలం, మదురై స్టూడియోల్లో రంగులేసిన తెరల ముందు. అప్పటి మన తెలుగు సినిమాలు కూడా ఆ మద్రాసు స్టూడియోల్లోనే తయారయ్యేవి కదా, కాబట్టి ఈ రెండూ ఒకే చూరు కింద పెరిగాయని అనుకోవచ్చు. మన కె. జమునారాణి గారు 1950ల్లో సింహళ పాటలు పాడారని చాలామందికి తెలియదు.

ఈ పద్ధతికి మొదటి దెబ్బ 1956లో లెస్టర్ జేమ్స్ పీరిస్ తీసిన "రేఖావ". స్టూడియో వదిలేసి కెమెరాను పల్లెటూరికి తీసుకెళ్లాడు. మరుసటి ఏడాది ఆ సినిమా కాన్ ఉత్సవంలో పోటీకి వెళ్లింది. 1963లో ఆయనే తీసిన "గంపెరలియ" 1965లో ఢిల్లీ అంతర్జాతీయ చలనచిత్రోత్సవంలో బంగారు నెమలి గెలిచింది. అలా 60ల చివరికొచ్చేసరికి సింహళ సినిమా రెండు దార్లయింది. ఒకటి మద్రాసు మూసలో నడిచే సినిమా, రెండోది లెస్టర్ దారి. మాలిని వచ్చింది సరిగ్గా ఆ సమయంలో.

ఆమె పుట్టింది 1947 ఏప్రిల్ 30న, కొలంబో పక్కనే కెలని నది ఒడ్డునున్న పేలియగొడలో. అంటే సింహళ టాకీ కంటే మూడు నెలలు చిన్న. 60ల్లో టీనేజిలో ఉండగానే నాటకాల్లోకి వెళ్లింది, రంగస్థల నటిగా మంచి పేరు తెచ్చుకుంది. ఆ నాటకాల్లోనే సినిమావాళ్ల కంటపడి 1968లో తిస్స లియనసూరియ దర్శకత్వంలో "పుంచి బబా"తో తెరకెక్కింది. పక్కన జో అబేవిక్రమ. సింహళ సినిమాలో అంతటి సహజ నటుడు ఇంకొకరు లేరని నేను అనుకుంటాను. (ఇదే 1968లో మన సావిత్రి గారు "చిన్నారి పాపలు" సినిమాకి దర్శకత్వం వహించారు. ఇద్దరి మధ్యా ఒక తరం తేడా ఉందని గుర్తుండడానికి చెబుతున్నా.)

1970లో లెస్టర్ "అక్కర పహ"లో ఆమెను తీసుకున్నాడు. ప్రభుత్వం పేద రైతులకు ఎండ ప్రాంతాల్లో ఐదేసి ఎకరాలిచ్చి కాలనీలు కట్టించిన కాలం నాటి కథ అది. తర్వాత వచ్చింది "నిధానయ". దీని దగ్గర కాస్త ఆగాలి.

1972 నాటి ఈ బ్లాక్ అండ్ వైట్ సినిమా గురించే మీరు ఎక్కువ చదివి ఉంటారు. కథ జి.బి. సేనానాయక రాసినది, స్క్రీన్‌ప్లే తిస్స అబేసేకర, సంగీతం ప్రేమసిరి కేమదాస, కెమెరా ఎం.ఎస్. ఆనందన్. ఆస్తి కరిగిపోతున్న పెద్దింటి వారసుడు విల్లీ అబేనాయక. పెద్ద కొండరాయి దగ్గర నిధి ఉందనీ, అది దక్కాలంటే మెడ మీద నాలుగు పుట్టుమచ్చలున్న కన్యను బలివ్వాలనీ అతని నమ్మకం. అలాంటి పిల్ల ఐరీన్ దొరుకుతుంది. పెళ్లి చేసుకుంటాడు. ఆమె అతన్ని మనస్ఫూర్తిగా ప్రేమిస్తుంది, అతని ఇంటిని ఇల్లులా చేస్తుంది. చివరికి మొక్కు తీర్చుకుందామని చెప్పి ఆమెను ఆ రాయి దగ్గరికి తీసుకెళ్లి చంపేస్తాడు. నిధీ లేదు, ఏమీ లేదు. ఇదంతా కాగితం మీద రాసిపెట్టి ఉరేసుకుంటాడు.

విల్లీగా గామిణి ఫోన్సేకా. ఇంటిపేరు ఒకటే అయినా మాలినికి బంధువు కాడు. సినిమా అంతా అతనిదే, కథ చెప్పేది కూడా అతని గొంతే. ఐరీన్‌కి పెద్ద డైలాగులు లేవు, ఏడుపు సీన్లు లేవు, ఎదురు తిరిగే ఘట్టం లేదు. మామూలు నటికి ఇస్తే అది బలికి కట్టిన గొర్రెపిల్ల పాత్రే. మాలిని ఏం చేసిందో చూడాలంటే చిన్న చిన్న చోట్లు చూడండి. అతను తన వైపు ఒక క్షణం ఎక్కువసేపు చూస్తే, ఆ చూపును ఆమె ప్రేమ అనుకుంటుంది. కొంచెం సిగ్గుపడి తల పక్కకు తిప్పుతుంది. తల తిప్పితే మెడ కనిపిస్తుంది. అతనికి కావలసింది ఆ మెడే అని మనకు తెలుసు, ఆమెకు తెలియదు. కొప్పు పైకి ముడిచినప్పుడల్లా చూసేవాడికి టెన్షన్ మొదలవుతుంది. ఆమె మాత్రం ఆ భయాన్ని మనతో పంచుకోదు. "పాపం, నాకేం జరగబోతోందో చూడండి" అన్నట్టు నటించి ఉంటే సినిమా అక్కడే చచ్చిపోయేది. కడదాకా సంతోషంగా ఉన్న భార్యగానే నటించింది. గామిణి అంతర్మథనం అంత బలంగా తగలడానికి కారణం ఎదురుగా ఉన్న ఆ తేటదనమే. అప్పటికి ఆమె సినిమాల్లోకి వచ్చి నాలుగేళ్లే.

1972లో వెనిస్ ఉత్సవంలో "నిధానయ" ప్రదర్శించారు. 1997లో సింహళ సినిమా యాభై ఏళ్ల సందర్భంగా ఆ యాభై ఏళ్లలో వచ్చినవాటిలో అత్యుత్తమ చిత్రంగా ఎంపిక చేశారు. ఆ తర్వాత కూడా ఎవరు జాబితా వేసినా ఇది పైన ఉండాల్సిందే.

ఇక రెండో వైపు. 1972లోనే ప్రభుత్వం రాష్ట్రీయ చలనచిత్ర సంస్థను పెట్టి దిగుమతి, పంపిణీ తన చేతిలోకి తీసుకుంది. బయటి సినిమాలు, ముఖ్యంగా హిందీ తమిళ సినిమాలు తగ్గాయి, స్థానిక సినిమాలకు హాళ్లు దొరికాయి. సింహళ సినిమాకి 70లు స్వర్ణయుగం అంటారు. స్వర్ణయుగం అంటే అన్నీ కళాఖండాలేనని అనుకోకండి. హిందీ సినిమాలు రావడం తగ్గితే హిందీ కథలే సింహళంలో వచ్చాయి, అంతే. ఆ సినిమాల్లో మాలిని, విజయ కుమారతుంగ జంటంటే జనానికి పిచ్చి. విజయ కుమారతుంగ ఎవరంటే, తర్వాత దేశాధ్యక్షురాలైన చంద్రికా కుమారతుంగ భర్త. అందగాడు, పాడగలడు, ఆ తర్వాత రాజకీయ పార్టీ కూడా పెట్టాడు. ఆ వరుస మనకు కొత్తేమీ కాదు.

ఈ మసాలా సినిమాలను విమర్శకులు చాలామంది పక్కన పెట్టేస్తారు. నేను పెట్టను. "హింగన కొల్లా" (1979) లాంటి జనం మెచ్చిన సినిమాకే ఆమెకు ఉత్తమ నటిగా సరసవియ అవార్డు వచ్చింది. సరసవియ అంటే అక్కడి ఫిల్మ్‌ఫేర్ అనుకోండి. తర్వాత "ఆరాధనా", "యశ ఇసురు" సినిమాలకూ అదే అవార్డు. పాట మధ్యలో చెట్టు చుట్టూ తిరుగుతున్నా ఆమె ముఖంలో "ఇది నా స్థాయి పని కాదు" అన్న చిరాకు ఎక్కడా కనపడదు. మన దగ్గర కళాత్మక సినిమా నుంచి వచ్చిన కొందరు నటుల ముఖాల్లో ఆ చిరాకు స్పష్టంగా చదవొచ్చు. ఇంకో లాభం కూడా జరిగింది. మాలిని ఉందంటే పల్లెటూరి జనం టికెట్ కొంటారు, అందుకే లెస్టర్ లాంటివాళ్లకు డబ్బు పెట్టే నిర్మాత దొరికేవాడు. ఇది నా అంచనా మాత్రమే, కానీ ఆ కాలపు సినిమాల వరుస చూస్తే వేరే వివరణ తట్టదు.

దక్షిణాది ప్రేక్షకులు ఆమెను తెలియకుండానే చూసి ఉండొచ్చు. 1978లో శివాజీ గణేశన్ హీరోగా, ఎ.సి. తిరులోకచందర్ దర్శకత్వంలో భారత్-శ్రీలంక ఉమ్మడి నిర్మాణంగా వచ్చిన తమిళ సినిమా "పైలట్ ప్రేమ్‌నాథ్"లో శివాజీ సరసన చేసింది ఈవిడే. అందులో అంధురాలైన కూతురుగా మన శ్రీదేవి. సినిమాగా చూస్తే మామూలు కుటుంబ మెలోడ్రామా. మాలిని కోసం దాన్ని వెతుక్కుని చూడాల్సిన పని లేదు గానీ, శ్రీదేవి అభిమానులు ఒకసారి చూడొచ్చు.

ఇప్పుడు లెస్టర్ తర్వాత చెప్పుకోవాల్సిన ఇంకో దర్శకుడు, ధర్మసేన పతిరాజ. లెస్టర్ పెద్దింటి బాధల్ని మెల్లగా, సంస్కారంగా చెబితే, పతిరాజ కోపంగా చెప్పాడు. నిరుద్యోగ యువకులు, సముద్రపు ఒడ్డు పేదలు, చిల్లర మోసాలు అతని లోకం. జాఫ్నాలో "పొన్మణి" అనే తమిళ సినిమా కూడా తీసిన సింహళ దర్శకుడు, అందుకే నాకు ఆయనంటే ప్రత్యేకమైన ఇష్టం. ఆయన "ఏయా దాన్ లొకు లమయెక్"లో నటించినందుకు 1975 మాస్కో అంతర్జాతీయ చలనచిత్రోత్సవంలో మాలినికి ప్రత్యేక పురస్కారం వచ్చింది.

పతిరాజ సినిమాల్లో నాకు ఎక్కువ నచ్చేది "బంబరు ఆవిత్" (1978). పుత్తలం వైపు కల్పిటియ దగ్గర జాలరి పల్లెలో కథ. పట్నం నుంచి విక్టర్ (విజయ కుమారతుంగ) అనే యువకుడు మనుషుల్ని వెంటేసుకుని చేపల వ్యాపారానికి దిగుతాడు. అప్పటిదాకా ఆ ఒడ్డు మీద పెత్తనం ఆంటన్ అయ్యది, ఆ పాత్ర జో అబేవిక్రమ వేశాడు. ఇద్దరి మధ్య గొడవలో ఆ పల్లె నలిగిపోతుంది. మాలిని పాత్ర హెలెన్, ఆ పల్లె పిల్ల. ఇందులో ఆమెకు స్టార్ హీరోయిన్ లైటింగ్ లేదు, మేకప్ ఉన్నట్టే అనిపించదు. ఇసకలో నడిచే నడక చూడండి. నాజూగ్గా ఉండదు, అడుగు బలంగా దించి ఎత్తుతుంది, అక్కడే పుట్టి పెరిగిన మనిషి నడక అది. మసాలా సినిమాల్లో వెంట తిరిగే విజయ కుమారతుంగే ఇందులో ఆమె ఊరిని చెడగొట్టడానికి వచ్చినవాడు. అప్పటి ప్రేక్షకుడు ఆ జంటను ఎలాంటి ఆశతో చూడడానికి వచ్చాడో పతిరాజకు బాగా తెలుసు. ఆ ఆశనే కథకు ఆయుధంగా వాడుకున్నాడు. ఆ జంట మీద జనానికున్న మోజు లేకపోతే ఈ ఎత్తు పారేది కాదు.

"బద్దేగమ" (1980) ఇంకో రకం. ఇంగ్లీష్ రచయిత్రి వర్జీనియా వుల్ఫ్ భర్త లియొనార్డ్ వుల్ఫ్ 1908 నుంచి 1911 వరకు హంబన్‌తోటలో బ్రిటిష్ అధికారిగా పనిచేశాడు. ఆ అనుభవంతో 1913లో ఆయన రాసిన నవలను లెస్టర్ సినిమాగా తీశాడు. అడవి అంచున పదిళ్ల ఊరు. వేటగాడు సిలిందు, అంటే జో అబేవిక్రమ. అతని కూతురు పుంచి మెనిక, అంటే మాలిని. వడ్డీకి డబ్బులిచ్చే ఫెర్నాండో అనేవాడి కన్ను ఆమె మీద పడుతుంది. ఊరి పెద్దతో కలిసి ఆమె భర్త మీద దొంగతనం కేసు బనాయిస్తాడు. సహనం చచ్చిన సిలిందు తుపాకీ ఎత్తుతాడు. కోర్టు సీన్లో తీర్పు చెప్పే తెల్లదొర పాత్ర, అంటే వుల్ఫ్ పాత్ర, వేసింది సైన్స్ ఫిక్షన్ రచయిత ఆర్థర్ సి. క్లార్క్. శ్రీలంకలోనే స్థిరపడ్డాడు కాబట్టి పిలిచి కూర్చోబెట్టారు. అతని నటన సంగతి అడక్కండి, కానీ ఆ సీన్ చూడడం సరదాగా ఉంటుంది.

అప్పటికి మాలినికి ముప్పై మూడేళ్లు. సూపర్ స్టార్. మాసిన బట్ట చుట్టుకుని, జుట్టు రేగి, మగవాళ్లు తన గురించి తీర్పులు చెప్పుకుంటుంటే పక్కన నిలబడే ఆడమనిషిగా కనిపిస్తుంది. పాత్ర మొత్తం మీద ఆమె చేతుల్లో ఉన్నది చాలా తక్కువ. అందుకే ఆమె చూపుల్ని గమనించమంటాను. ఎవరు మాట్లాడుతున్నా వాళ్ల ముఖం వైపు కాక, వాళ్ల వల్ల తన ఇంట్లో ఎవరికి దెబ్బ తగులుతుందో వాళ్ల వైపు చూస్తూ ఉంటుంది.

ఆ తర్వాత పరిశ్రమ కూలింది. ఒక్క కారణం కాదు. 1979లో టీవీ మొదలైంది, 1982లో ప్రభుత్వ ఛానల్ రూపవాహిని వచ్చింది. సాయంత్రం హాలుకెళ్లే కుటుంబాలు ఇంట్లో కూర్చున్నాయి. 1983 జూలైలో తమిళుల మీద జరిగిన హింసలో సినిమా హాళ్లు తగలబడ్డాయి, హెండలలోని విజయా స్టూడియో తగలబడింది, ఎన్నో ప్రింట్లు, నెగటివ్‌లు బూడిదయ్యాయి. సింహళ సినిమాలు తీసిన తమిళ దర్శకుడు కె. వెంకట్‌ను ఆ గొడవల్లోనే చంపేశారు. పైన మదురై, నాయగం, ఆనందన్ అని పేర్లు చెప్పుకుంటూ వచ్చాను కదా, సింహళ సినిమాను మొదటి నుంచీ నిలబెట్టినవాళ్లలో తమిళులు ఎంతమందో అర్థమై ఉంటుంది. వాళ్ల మీద పడ్డ దెబ్బ నేరుగా సినిమా మీదే పడింది. 1988 ఫిబ్రవరి 16న విజయ కుమారతుంగను ఇంటి ముందే కాల్చి చంపారు. 1987-89 మధ్య వామపక్ష పార్టీ జేవీపీ చేసిన సాయుధ తిరుగుబాటు రోజుల్లో రాత్రిపూట బయట తిరగడానికే జనం భయపడ్డారు, ఇక సెకండ్ షో ఎవరు చూస్తారు?

ఇలాంటి కాలంలో హీరోయిన్‌గా వయసు దాటుతున్న నటి ఏం చేయాలి? మాలిని దర్శకత్వం చేపట్టింది. 1984లో "ససర చేతనా", 1987లో "అహింసా", 1991లో "స్త్రీ", 1994లో "సందమాల". దర్శకురాలిగా ఆమె గొప్పదని నేను అనను. ఈ సినిమాలు జనం నాడి తెలిసిన మనిషి తీసిన మెలోడ్రామాలు, పతిరాజ దగ్గర నేర్చుకున్నదేమీ వీటిలో కనపడదు. టీవీలో మాత్రం ఆమె పని ఇంకా బాగుంటుంది. సింహళ టెలినాటకం అంటే మన డైలీ సీరియల్ అనుకోకండి. 80, 90ల్లో వారానికి ఒక్కసారి వచ్చేది, కొన్ని వారాల్లో కథ ముగిసేది, మంచి నవలల్ని తీసుకునేవారు. సినిమా దర్శకులు, సినిమా నటులు సిగ్గుపడకుండా అందులో చేసేవారు. ఆమె అందులో నటించింది, దర్శకత్వం కూడా వహించింది. హాలుకి వెళ్లడం మానేసిన తరానికి ఆమె ముఖం మర్చిపోకుండా చేసింది ఆ టీవీయే.

లెస్టర్ ఆమెను వదల్లేదు. 2000 తర్వాత తీసిన "వేకండ వలవ్వ"లో (రష్యన్ రచయిత చెకోవ్ నాటకం "చెర్రీ ఆర్చర్డ్" ఆధారంగా), 2006లో వచ్చిన ఆయన చివరి సినిమా "అమ్మవరునే"లో కూడా ఆమె ఉంది. "వేకండ వలవ్వ" ఆస్కార్ విదేశీ చిత్ర విభాగానికి శ్రీలంక పంపిన మొదటి సినిమా. నిజం చెప్పాలంటే కొంచెం నెమ్మది సినిమా, ఓపికున్న రోజు చూడండి.

నాకు మాత్రం ఆమె చివరి దశలో గొప్ప పని అంటే ప్రసన్న వితానగే తీసిన "ఆకాశ కుసుం" (2008). ఒకప్పటి స్టార్ హీరోయిన్ సంధ్యా రాణి. అవకాశాలు లేవు, డబ్బు లేదు. ఇప్పటి సినిమా, టీవీ తారలు రహస్యంగా కలుసుకోవడానికి తన ఇంట్లో గదులు అద్దెకిచ్చి బతుకుతూ ఉంటుంది. ఆ ఇంట్లో ఒక స్టార్ దొరికిపోవడంతో గొడవ బయటికొచ్చి, మీడియా ఈమె మీద పడుతుంది. మర్చిపోయిన లోకం ఉన్నట్టుండి మళ్లీ కెమెరా పెడుతుంది. దాంతోపాటు ఎప్పుడో వదిలేసిన కూతురి సంగతి కూడా ముందుకొస్తుంది.

ఇక్కడ ఏ చిన్న తప్పు జరిగినా మాలిని తన గురించి తాను జాలిపడుతున్నట్టు ఉండేది. ప్రేక్షకుడికి ఆమె పాత సినిమాలన్నీ గుర్తున్నాయి కాబట్టి ఆ ప్రమాదం ఇంకా ఎక్కువ. ఆమె సంధ్యా రాణిని మంచి మనిషిగా చూపించే ప్రయత్నమే చేయదు. గదికి డబ్బు తీసుకునేటప్పుడు ఆ మనిషి లెక్కలో గట్టిగా ఉంటుంది. టీవీ వాళ్లు వచ్చారని తెలిస్తే బాధకంటే ముందు ముఖంలో వెలుగు వస్తుంది. కెమెరా ముందు కూర్చున్న క్షణంలో వెన్ను నిటారుగా అవుతుంది, గొంతు మారుతుంది, పాత స్టార్ బయటికొస్తుంది. అది చూసి నవ్వాలో జాలిపడాలో మనకు తెలియదు. నలభై ఏళ్ల అనుభవం ఉన్న నటి మాత్రమే, అదీ రెండు రకాల సినిమాలూ చేసిన నటి మాత్రమే, ఇది చేయగలదు. స్టార్‌గా ఎలా నవ్వాలో తెలుసు, ఆ నవ్వు బయటి నుంచి ఎలా కనపడుతుందో కూడా తెలుసు.

బిరుదులు, పదవుల సంగతి త్వరగా చెప్పేస్తాను. 2010లో సీఎన్ఎన్ వేసిన ఆసియా 25 మంది గొప్ప నటుల జాబితాలో ఆమె పేరుంది. అదే ఏడాది అధికార కూటమి తరఫున జాతీయ జాబితా సభ్యురాలిగా పార్లమెంటుకి వెళ్లి 2015 దాకా ఉంది. జాతీయ జాబితా అంటే నేరుగా ఎన్నికల్లో పోటీ చేయకుండా, పార్టీకి వచ్చిన ఓట్ల దామాషాలో దక్కే సీటు. ఆ అధ్యాయం ఆమె అభిమానుల్లోనూ అందరికీ నచ్చలేదు. 2025 మే 24న 78వ ఏట కొలంబోలో కన్నుమూసింది. 26న ఇండిపెండెన్స్ స్క్వేర్‌లో ప్రభుత్వ లాంఛనాలతో అంత్యక్రియలు జరిగాయి. అప్పటికి అధికారంలో ఉన్నది ఆమె పనిచేసిన కూటమి కాదు, దానికి బద్ధ వ్యతిరేకులు. అయినా ఆ గౌరవం దక్కింది.

"చిన్న పరిశ్రమలో పెద్ద పేరా" అన్న మాటకి వస్తాను. 2012 లెక్కల ప్రకారం శ్రీలంక జనాభా 2 కోట్ల 3 లక్షలు, అందులో సింహళీయులు ముప్పాతిక వంతు. అంటే తెలుగు మార్కెట్ ముందు చాలా చిన్నది. కానీ పోటీ లేదనుకుంటే పొరపాటే. స్వర్ణా మల్లవారచ్చి అనే నటి ఉంది. వసంత ఒబేసేకర "దడయమ"లో (1983) ఆమె నటన చూస్తే మాలిని అభిమానులు కూడా ఒక నిమిషం మాట్లాడరు. కోపం, ఎదురుతిరగడం, తెగింపు కావాలంటే స్వర్ణే. లెస్టర్ భార్య సుమిత్రా పీరిస్ తీసిన "గెహెను లమయి" (1978)లో వసంతి చతురాణిని చూడండి. ముంబైలోని ఫిల్మ్ హెరిటేజ్ ఫౌండేషన్ ఆ సినిమాను బాగుచేసి, మాలిని పోయిన 2025 మే నెలలోనే కాన్‌లో ప్రదర్శించింది. వీళ్లందరి మధ్య నిలబడి తెచ్చుకున్న పేరు ఆమెది. కోపం చూపించాల్సిన చోట మాలిని నటన కాస్త తేలిపోతుందని నాకనిపిస్తుంది. మసాలా సినిమాల్లో అలవాటైన కన్నీళ్లు అప్పుడప్పుడు సీరియస్ సినిమాల్లోకి కూడా జారతాయి. అది ఒప్పుకోవాలి.

చూసే వరుస చెబుతాను. "నిధానయ"తో మొదలుపెట్టమని అందరూ అంటారు, నేను మాత్రం "ఆకాశ కుసుం"తో మొదలుపెట్టమంటాను. కొత్త సినిమా, రంగుల్లో ఉంది, వేగం మనకు అలవాటైనదే, ఇంగ్లీష్ సబ్‌టైటిల్స్‌తో దొరుకుతుంది. సంధ్యా రాణి ఒకప్పుడు ఏమై ఉంటుందో తెలుసుకోవాలనిపిస్తుంది, అప్పుడు "నిధానయ" చూడండి. దాని తర్వాత "బంబరు ఆవిత్". ఈ మూడూ నచ్చితేనే "బద్దేగమ". అది పెద్ద సినిమా, ముందుగా నవల చదివినవాళ్లకు ఎక్కువ ఎక్కుతుంది. మధ్యలో ఒక మసాలా సినిమా కూడా తప్పకుండా చూడండి, విజయ కుమారతుంగతో పాట ఉన్నది ఏదైనా సరే. అది చూడకుండా "బంబరు ఆవిత్"లో వాళ్లిద్దరినీ ఎందుకు పెట్టారో అర్థం కాదు.

యూట్యూబ్‌లో పాత సింహళ సినిమాలు చాలా ఉన్నాయి, కానీ ఎక్కువ భాగం టీవీ నుంచి రికార్డు చేసినవి. ఫ్రేమ్ పక్కలు కోసేసి ఉంటాయి, సబ్‌టైటిల్స్ ఉండవు. "నిధానయ"ను ఆ ప్రింట్‌లో చూడొద్దు. ఆ సినిమాకు బాగుచేసిన ప్రింట్ ఉంది. మీ ఊళ్లో ఫిల్మ్ సొసైటీ ఉంటే అడిగి వేయించుకోండి, లేదా చలనచిత్రోత్సవాల్లో పాత సినిమాల విభాగాన్ని ఓ కంట కనిపెట్టి ఉండండి.